‘మందు’ అను మాట: ‘ఎన్మకజె’ నవల

కేరళమునకు ఉత్తరపు కొసను, కర్ణాటకపు సరిహద్దున కాసరగోడు జిల్లా కలదు. అందలి ఎన్మకజె గ్రామమున ఒక పల్లె పేరు స్వర్గ. అంబికాసుతన్ మాంగాడ్ 2009లో మలయాళమున ప్రకటించిన ‘ఎన్మకజె’ నవలకు రంగము ఈ ప్రాంతమే. 2017లో వెలువడిన జె. దేవిక ఆంగ్లానువాదము ‘స్వర్గ’ అను పేరనే వచ్చినది. ఈ పేరిటి వ్యంగ్యమును రచయిత కల్పింపలేదు. వాస్తవమే దానిని సమకూర్చి పెట్టినది.

ఆ కొండలపై ప్రభుత్వరంగ సంస్థకు జీడిమామిడి తోటలు గలవు. టీ దోమ యను పురుగును చంపుటకై 1970ల చివరినుండి 2000 వరకు హెలికాప్టరు మీదినుండి ఎండోసల్ఫాన్‌ను చల్లిరి. అది ఆకులపై మాత్రమే నిలువలేదు. గాలితో ఇండ్లపై వ్రాలినది. వానతో వాగులకును, బావులకును దిగినది. ఆ తోటల చుట్టునున్న పల్లెలలో బుద్ధిమాంద్యముతో, మూర్ఛలతో, అంగవైకల్యముతో బిడ్డలు పుట్టిరి.

నవలలో నీలకంఠుడు, దేవయాని మనుష్య సంఘమును రోసి అడవిలో కాపురముందురు. దేవయాని ఒకనాడు రోగిష్ఠి బిడ్డనొకనిని ఇంటికి తెచ్చుటతో వారి ఏకాంతవ్రతము చెడును. ఊరివారు జటాధారి దేవుని శాపమని నమ్మినది మనుష్యకృత్యమని క్రమముగా బయటపడును. లోకమును విడిచిపోయినవానిని సైతము లోకపు విషము విడువదను సత్యమును ఉపన్యాసమున గాక కథాగమనముననే చూపుట ఈ పూర్వభాగమునకు బలము.

ఉత్తరభాగమున ఆ నిగ్రహము సడలినది. సమాచారము పాత్రలను త్రోసిరాజని తానే మాటలాడును. కొన్ని పుటలు నివేదికలవలె నడచును. ఇది కళాదోషమే. బాధితులపై జాలి పేర విమర్శకుడు దీనిని కప్పిపుచ్చరాదు. అయినను ఈ దోషమునకు కారణము గలదు. బాధితుల సాక్ష్యమునే త్రోసిపుచ్చుచుండిన కాలమున వ్రాసిన గ్రంథమిది. సుప్రీంకోర్టు దేశమంతట ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకమును, వాడుకను నిలిపివేసినది 2011 మే నెలలో. బాధితులకు తలకు 5 లక్షల రూపాయలు చెల్లింపుమని కేరళ ప్రభుత్వమును ఆదేశించినది 2017 జనవరిలో. న్యాయస్థానము ఆలస్యముగా పలికిన దానిని నవల ముందుగా పలుకవలసి వచ్చెను.

అనువాదకుని దృష్టితో చూచినపుడు నన్ను నిలువరించునది ఒక చిన్న మాట. పురుగుమందును మలయాళీలు ‘మరున్ను’ అందురు. దానిని చల్లుట ‘మరున్నడి’. తెలుగు రైతు నోట అది ‘మందు కొట్టుట’. రెండు భాషలును రోగము మాన్పు వస్తువు పేరునే ప్రాణము తీయు వస్తువునకును ఇచ్చినవి. అప్పులపాలై ప్రాణము తీసికొన్న రైతును గూర్చియు ‘పురుగుమందు త్రాగెను’ అనియే మన పత్రికలు వ్రాయును. ఆ మాటలోని నమ్మకమే విషమునకు ఇంటి వాకిలి తెరచినది.

కావున ఈ నవలను తెలుగు చేయువాడు పల్లెవారి నోట ‘విషము’ అని దిద్దరాదు. అచ్చట ‘మందు’ అనియే యుండవలెను. దానిని విషమని చదువుకొనవలసినవాడు పాఠకుడు.