మూర్నౌ గృహచిత్రములు: వర్ణవ్యంజకత్వము

పసుపుపచ్చని గోడ, దాని ప్రక్కను నీలపు నీడ, పైని ఎఱ్ఱని కప్పు. కాండిన్‌స్కీ 1908, 1909 సంవత్సరములలో మూర్నౌలో రచించిన గృహచిత్రములందు తొలుత కంటికి తగులునవి యివియే. ఇల్లు తరువాత కానవచ్చును. జర్మనీలో, బవేరియా కొండల చేరువ నున్న ఆ చిన్న యూరికి ఆయన 1908లో గాబ్రియేల్ మ్యూంటర్, యావ్లెన్‌స్కీ, వేరెఫ్‌కిన్ అను మువ్వురితో కూడి వచ్చి చిత్రరచన సాగించెను.

ఎక్స్‌ప్రెషనిస్టుల వర్ణప్రయోగమును గూర్చి తఱచుగా వినబడు మాట యొకటి కలదు: చిత్రకారుడు తన మనఃస్థితిని వస్తువుపై పులిమినాడని. మేము దీని నంగీకరింపజాలము. అదియే నిజమైనచో ఇల్లేల? ఉత్త రంగులే చాలును గదా!

నీడ సంగతి చూడుడు. అనుకరణప్రధానమైన చిత్రమున నీడ గోడరంగునకు పట్టిన మాపు మాత్రమే. ఇచ్చటనో, నీలము స్వతంత్రముగ నిలిచి పసుపుతో సరిసమానముగ వాదించుచున్నది. పసుపు చూపరివైపునకు వచ్చును, నీలము వెనుకకు తగ్గును అని కాండిన్‌స్కీయే 1911 డిసెంబరులో వెలువడిన తన కళాసిద్ధాంతగ్రంథమున వివరించెను. గోడ మనవైపు వచ్చుచు, నీడ లోనికి పోవుచుండగా, కదలని యిల్లు ఊపిరి తీయుచున్నట్లు తోచును. (మేము వీనిని అచ్చుపటములందే చూచితిమి. ఒకదానిలో పసుపు నిమ్మపండు, మఱియొకదానిలో పసుపుకొమ్ము. ఐనను నీలముతో దానికి గల స్పర్ధ ఏ యచ్చులోను చెడలేదు.) ఈ తోపు రంగువలన కలిగినదే, కాని అది గోడ యని మన మెఱిగియుండుటచేతనే కలిగినది.

భరతుడు రసములకు వర్ణములు చెప్పెను. రౌద్రమునకు రక్తము, అద్భుతమునకు పీతము. దానిని పట్టి పసుపుగోడ అద్భుతరసమని లెక్కగట్టుట పండితవినోదమే కాని విమర్శ కాదు. ఇచ్చట ఆనందవర్ధనుని త్రోవ పనికివచ్చును. వెలుగు కోరువాడు దీపశిఖను కాపాడుకొనునట్లు, వ్యంగ్యము కోరువాడు వాచ్యము నాదరించునని ఆయన మతము. ఈ చిత్రములందు వాచ్యము ఇల్లు.

ఈ యాదరము కాండిన్‌స్కీయందుకంటె మ్యూంటర్‌యందు మాకు మిక్కుటముగ కనబడినది. ఆ ప్రాంతపు పనివారు అద్దము వెనుకవైపున వేయు బొమ్మలను చూచి ఆమె ముదురు రేఖతో అంచుకట్టుట నేర్చుకొనెను. 1911 నాటి ‘శీతకాలపు పల్లెవీథి’లో ఆ రేఖ లోపల రంగు ఎంత సాహసించినను ఇల్లు చెదరలేదు. మంచు పఱచుకొన్న వీథిలో వెచ్చని రంగుల గోడలు నిలిచినవి. చలిని చెప్పుటకు నీలమొక్కటి చాలదు; చలిలో మనుజుడు చేరదగిన గోడ యొకటి కావలెను.

కాండిన్‌స్కీ మాత్రము రేఖను సడలించుచు పోయెను. కొలది సంవత్సరములలోనే కప్పు ఎఱ్ఱని కోణముగను, కొండ నీలపు వాలుగను మాత్రమే మిగిలెను. ఆ త్రోవ చిత్రకళకు క్రొత్త లోకము తెఱచినదని యొప్పుకొనవలసినదే. ఐనను ఇల్లు ఇంకను ఇల్లుగనే యుండగా, రంగు దానిని విడిచిపోవ నుంకించుచున్న 1909 నాటి చిత్రముల యెదుట మాకు కలిగిన కలవరము ఆ తరువాతి చిత్రముల యెదుట కలుగలేదు.