టైమ్‌టేబుల్‌లో లేని పీరియడ్

కొత్త సెమిస్టర్ మొదలైందంటే నాకు ఫోన్లు పెరుగుతాయి. నాకు ఆటిజం ఉందనీ, హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బీటెక్ చదివాననీ ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఫోన్ చేసేది ఎక్కువగా అమ్మలే. ‘‘ఇంటర్లో మంచి మార్కులేనండీ మా వాడికి. ఇప్పుడు కాలేజీ నుంచి రావడం, లైటు తీసేసి పడుకోవడం. రోజుకి ఎన్ని గంటలు చదివితే గట్టెక్కుతాడంటారు?’’ అని అడుగుతారు. గంటల సంగతి తర్వాత చూద్దాం, ముందు టైమ్‌టేబుల్ ఫొటో తీసి పంపండమ్మా అంటాను.

ఇంటర్ చదువు ఎంత కఠినమైనా మాలో కొందరికి ఒక విధంగా కుదురుతుంది. అదే గది, అదే బెంచీ, అవే మూడు సబ్జెక్టులు, సాయంత్రం స్టడీ అవర్లో మళ్లీ అవే పుస్తకాలు. ఆ కాలేజీలు మంచివని నేననడం లేదు, హాస్టల్ మెస్సులో స్టీలు కంచాల రొద నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది. కానీ అక్కడ రేపు ఏం జరుగుతుందో ముందే తెలుసు. బీటెక్‌లో ఆ కుదురు పోతుంది. అయిదారు థియరీ సబ్జెక్టులు, రెండు మూడు ల్యాబులు. గంటగంటకీ బ్లాకు మారుతుంది, మనిషి మారతారు, పని తీరే మారుతుంది. ఒక గంట వినాలి, ఒక గంట బొమ్మ గీయాలి, ఆ తర్వాత బ్యాచ్ వాళ్లతో కలిసి మీటర్ రీడింగులు తీయాలి, ఆ సందడిలోనే సార్ వైవా అడిగితే నోటితో జవాబు చెప్పాలి. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య మనసును ఒక చోట పెకలించి ఇంకోచోట నాటుకోవాలి. ఆ శ్రమకు టైమ్‌టేబుల్‌లో గడి లేదు. బడలిక మొత్తం అక్కడిదే.

డైనా ముర్రే, మరో ఇద్దరు కలిసి 2005లో రాసిన పరిశోధనా వ్యాసం ఒకటుంది. ఆటిజం ఉన్నవాళ్ల ధ్యాస ఒకేసారి కొద్ది విషయాల మీదే, కానీ చాలా గట్టిగా నిలుస్తుందన్నది అందులో వాళ్లు ప్రతిపాదించిన మాట. ఆటిజం మీద నేను చదివినవాటిలో నా చదువుకు అచ్చంగా సరిపోయింది ఇదే. గట్టిగా నిలిచినదాన్ని కదిలించాలంటే బలం కావాలి కదా.

అందుకే నేను ఎర్ర పెన్సిల్ పట్టుకుని టైమ్‌టేబుల్ మీద కూర్చునేదాన్ని. గది మారినచోట ఒక గీత, చెప్పే మనిషి మారినచోట ఒక గీత, వినడం నుంచి చేయడానికో మాట్లాడటానికో పని మారినచోట ఇంకో గీత. పీరియడ్లన్నీ నిండుగా ఉన్న రోజు తేలిగ్గా తేలేది, సగం ఖాళీగా కనిపించే రోజు గీతలతో నిండిపోయేది. ఉదయం మ్యాథ్స్, ఆ వెంటనే వేరే బ్లాకులో ల్యాబ్, భోజనం కాగానే ఇంగ్లిష్ కమ్యూనికేషన్ ల్యాబ్ ఉన్న రోజైతే సాయంత్రం కొత్త పాఠం జోలికి వెళ్లేదాన్ని కాదు. చెయ్యి మాత్రమే కదిలే పని, అంటే అబ్జర్వేషన్ నుంచి రికార్డులోకి ఎక్కించుకోవడం లాంటివి ఆ రోజుకు. గీతలు తక్కువున్న రోజు సాయంత్రం ఒక్క సబ్జెక్టే, మధ్యలో ఇంకో పుస్తకం తెరవకుండా.

రోజూ ప్రతి సబ్జెక్టూ గంట గంట చదవాలని పెద్దలు చెప్పే పద్ధతి చాలామందికి పనికొస్తుందేమో. మాకు అది పనికిరాదని గట్టిగా చెబుతాను. వారానికి రెండు సబ్జెక్టులు పెట్టుకుని, వాటిలోనే మునిగి, పై వారం ఇంకో రెంటికి వెళ్లడం నయం. సిలబస్ కూడా దీనికి సాయపడుతుంది. జేఎన్టీయూ సిలబస్‌లో సబ్జెక్టుకు అయిదు యూనిట్లు, మొదటి మిడ్‌కు అందులో తొలి సగం, రెండో మిడ్‌కు మలి సగం. ఎంత వరకు చదవాలో హద్దు ఉన్న చదువు మాకు చాలా ఊరట.

భోజన విరామం గురించి తల్లిదండ్రులకు తోచదు. అది విశ్రాంతి అనుకుంటారు. నిజానికి రోజు మొత్తంలో బరువైన ముప్పావుగంట అదే. క్యాంటీన్లో అరుపులు, నూనె వాసన, ఎవరి జోక్‌కు ఎప్పుడు నవ్వాలో చూసుకుంటూ ఉండటం, కళ్లు ఎక్కడ పెట్టాలో ఆలోచించుకోవడం. అందరిలా కనిపించడానికి పడే ఈ పాటుకు మధ్యాహ్నం చదువంతా ఖర్చయిపోతుంది. ఖాళీగా ఉన్న డ్రాయింగ్ హాల్లో చివరి బల్ల దగ్గర ఒంటరిగా పెరుగన్నం తినడం నాకు చదువులో భాగమే. మీ అమ్మాయి ఒక్కతే కూర్చుని తింటోందని ఎవరైనా చెబితే దయచేసి కంగారు పడకండి.

హాజరు సంగతికొస్తే, 75 శాతం ఉండాలి. 65 దాటి ఉంటే ఆరోగ్య కారణం చూపించి, కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. అంతకన్నా తగ్గితే డిటెయిన్ చేస్తారు. కూలబడ్డాక వరసగా రెండు వారాలు మంచానికి అంటుకుపోవడం కన్నా, గీతలు ఎక్కువున్న వారం తర్వాత ఒక పూట సెలవు ముందే అనుకుని పెట్టడం మేలు. అలసిపోకముందే తీసుకునే సెలవు బద్ధకం కింద జమ అవుతుందని ఇళ్లల్లో భయం. ఆ భయం పిల్లల్ని పడగొట్టడం నేను చూశాను.

పరీక్ష హాల్లో నన్ను తిప్పలు పెట్టినవి రెండు. ప్రతి యూనిట్ నుంచీ రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమంటారు. ఏది రాయాలో తేల్చుకోవడంలోనే నిమిషాలు కరిగిపోయేవి. దానికి ఇంట్లోనే ఒక నియమం పెట్టుకున్నాను: మొదటిది వస్తే మొదటిదే, రెండోదాని వైపు చూడకూడదు. ఇక రెండోది, సగం జవాబులో ఉండగా ఇన్విజిలేటర్ వచ్చి హాల్ టికెట్ చూపించమని సంతకం అడగడం. తెగిన వాక్యం మళ్లీ దొరికేది కాదు. అందుకని ఎవరైనా నా వరసలోకి వస్తున్నారంటే రాస్తున్న మాట కింద చుక్క పెట్టి, తర్వాత రాయాల్సిన మాట మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకునేదాన్ని.

సప్లీ గురించి నా మాట చాలామందికి రుచించదు. మన దగ్గర సెమిస్టర్‌కి ఇన్ని సబ్జెక్టులని కాలేజీయే నిర్ణయిస్తుంది, ఒకటి తగ్గించుకుంటానంటే వినే చోటు లేదు. అలాంటప్పుడు ముందే ఆలోచించి ఒక సబ్జెక్టు ఫైనల్ పరీక్షను సప్లిమెంటరీకి వాయిదా వేసుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఆ సబ్జెక్టు క్లాసులకు వెళ్లాలి, మిడ్‌లు రాయాలి, ఎందుకంటే ఇంటర్నల్స్ మళ్లీ రావు. పై ఏడాదికి వెళ్లడానికి ఎన్ని క్రెడిట్లు కావాలో ముందే చూసుకోవాలి, క్యాంపస్ ఇంటర్వ్యూల నాటికి బ్యాక్‌లాగ్ లేకుండా చూసుకోవాలి. అయినా ఆరింటిలో నాలుగు పోగొట్టుకోవడం కన్నా ఒకదాన్ని తెలిసి పక్కన పెట్టడం తెలివైన పని. జేఎన్టీయూహెచ్ నిబంధనల్లోనే నాలుగేళ్ల బీటెక్‌ను ఎనిమిదేళ్లలోగా ముగించే వీలుంది. అంత వ్యవధి ఇచ్చినవాళ్లు సెమిస్టర్‌కి రెండు సబ్జెక్టులు తక్కువగా నమోదు చేసుకోనిస్తే ఎవరికి నష్టం?

అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లిన మన పిల్లలకు ఇంకో చిక్కు. ఎఫ్-1 వీసాపై ఉన్నవాళ్లు డాక్టరు ఉత్తరంతో కోర్సులు తగ్గించుకోవచ్చు, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు. అయితే యూనివర్సిటీలో వీసా వ్యవహారాలు చూసే అధికారి అనుమతి ముందే తీసుకోవాలి. తీసుకోకుండా కోర్సు వదిలేస్తే వీసా హోదాకే ముప్పు.

ఇక్కడ మనకు చట్టం ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం మాటే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అది చేరింది. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలన్నిటికీ వర్తిస్తుంది, అంటే ప్రైవేటు కాలేజీలకు కూడా. విద్యార్థి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలంటుంది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, స్క్రైబ్ లేకుండా రాసేవాళ్లకు మూడు గంటల పరీక్షకు కనీసం గంట అదనంగా ఇవ్వొచ్చని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. డిస్‌గ్రాఫియా ఉన్న ఒక విద్యార్థినికి నీట్‌లో ఆ గంట నిరాకరించడం అన్యాయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. నేను కాలేజీలో అడిగినప్పుడు మాత్రం ‘‘చూడ్డానికి బాగానే ఉన్నావు కదమ్మా’’ అన్నారు. ఆటిజం కొలవడానికి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ పాలుపంచుకుని తయారుచేసిన ఐఎస్‌ఏఏ స్కేల్‌లో 40 అంశాలున్నాయి, 40 నుంచి 200 దాకా స్కోరు. 70 నుంచీ ఆటిజం కిందే లెక్క. చూడ్డానికి ఎలా ఉన్నామన్నది ఆ స్కోరును మార్చదు.

కాబట్టి ఈ నెలలోనే వైకల్య నిర్ధారణ పరీక్షకు స్లాట్ తీసుకోండి. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ఆగకుండా, డాక్టరు రిపోర్టు జతచేసి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇవ్వండి. అందులో మూడే అడగండి: అదనపు గంట, గది మూలన తలుపుకు దూరంగా సీటు, వైవా ప్రశ్నలు కాగితం మీద. కింద 2016 చట్టం 16, 17 సెక్షన్లని రాసి, కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. మిడ్ టైమ్‌టేబుల్ వచ్చాక వెళ్తే సీటింగ్ ఖరారైపోయిందంటారు.