పాట శిష్యుడిది

ఇత్తడి వాద్యాల్లో గాలిని అన్నిటికంటే ఎక్కువగా తాగేది ట్యూబా. షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో 1944 నుంచి 1988 దాకా దాన్ని వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్‌కు ఊపిరితిత్తుల్లో గాలి పట్టే చోటే తక్కువ. చిన్నప్పటి జబ్బు కొంత మింగింది, పెద్దయ్యాక ఉబ్బసం ఇంకొంత. అయినా ఊపిరి పాఠం కోసం ఎక్కడెక్కడి వాద్యకారులో షికాగోలో ఆయన గది తలుపు తట్టేవారు. పాఠాలు చెప్పేవాళ్లలో నాకు ఇంత ఇష్టమైన మనిషి మరొకరు లేరు.

పదిహేనేళ్లకే ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయంలో చేరాడు. ఆ తర్వాత ఇండియానాపొలిస్, పిట్స్‌బర్గ్, చివరికి షికాగో. కొలువు కథ అంతే. అసలు కథ పాఠంలో ఉంది.

గాలి చాలని మనిషి కాబట్టి గాలి లెక్క తెలుసుకోక తప్పలేదు. వైద్య గ్రంథాలు చదివాడు, ఊపిరిని కొలిచే యంత్రాలు గదిలో పెట్టుకున్నాడు. పొట్ట బిగించి ఊదమని చెప్పే గురువులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ సలహా ఎందుకు తప్పో ఆయనకు తెలిసింది: డయాఫ్రమ్ గాలిని లోపలికి లాగే కండరం. బయటికి నెట్టేవి వేరే. రెండూ ఒకేసారి బిగిస్తే ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఒళ్లంతా బిర్రబిగుస్తుంది, గాలి మాత్రం కదలదు.

ఇంత తెలిసినవాడు శిష్యుణ్ని కండరాల సంగతి మరిచిపొమ్మనేవాడు. వాయించబోయే స్వరం ముందు బుర్రలో మోగాలి. పెదవులూ ఊపిరీ దాని వెంట నడుస్తాయి. మన దగ్గర వీణ పట్టేవాళ్లచేత ముందు పాడించేది ఇందుకే కదా! పాత అలవాటుతో కుస్తీ పట్టనిచ్చేవాడు కాదు. వాద్యం పక్కన పెట్టించి, ఒట్టి మౌత్‌పీస్ మీద తెలిసిన పాట ఊదించేవాడు. ఆపరేషన్ అయినవాళ్లకు ఆసుపత్రుల్లో ఇస్తారే, ఊపిరి పీలిస్తే బంతి పైకి లేచేది, అలాంటి పరికరం చేతికిచ్చేవాడు. కొత్త వస్తువుతో పాత భయం ఉండదు. ఊపిరి దారిలో పడ్డాక మళ్లీ వాద్యం అందించేవాడు.

తెలిసినదంతా శిష్యుడి నెత్తిన కుమ్మరించడమే బోధన అనుకునే గురువులను చాలామందిని చూశాను. జేకబ్స్ తన శాస్త్రాన్ని తన దగ్గరే ఉంచుకుని, అవతలివాడికి ఆ పూట పనికొచ్చేదే ఇచ్చాడు. కొలువు మానాక కూడా, 1998లో పోయేదాకా పాఠాలు చెబుతూనే ఉన్నాడు. ఆ పద్ధతిని 1996లో పుస్తకంగా తెచ్చింది ఆయన సహాయకుడు బ్రయాన్ ఫ్రెడరిక్సెన్. ఇత్తడి వాద్యం ముట్టని గాయకులు కూడా దాన్ని చదవాలని నా కోరిక.