వ్యక్తిపత్రికయు దినపత్రికయు

పత్రికల ప్రభావమును నిర్ణయించుటకు బలువురు పరిశోధకులు ముద్రితప్రతుల సంఖ్యనే ప్రమాణముగా గ్రహించుచున్నారు. ఈ కొలత దినపత్రికకు దగును గాని, ఒక వ్యక్తి తన పలుకుగా నడపిన పత్రికకు జాలదు.

కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. సంపాదకులును ప్రధానరచయితయు వారే. లంచగొండితనమును, బాల్యవివాహములను అందు ఖండించిరి. వ్రాయువారెవ్వరో చదువరి యెఱుగును. విమర్శకు గుఱియైనవారు పెక్కండ్రు ఆ ప్రాంతమువారే. కనుకనే ప్రతులు కొలదియైనను ప్రతిధ్వని పెద్దదయ్యెను. వివేకవర్ధనికి బోటీగా కొక్కొండ వేంకటరత్నము పంతులు హాస్యవర్ధనిని వెలువరింపగా, వీరేశలింగము హాస్యసంజీవనితో బదులిచ్చిరి. పత్రికకు బత్రికయే ప్రత్యుత్తరమైనది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా నారంభించిన ఆంధ్రపత్రిక 1914లో చెన్నపురిలో దినపత్రికయయ్యెను. అదే యేట బ్రపంచయుద్ధము మొదలగుటతో నిత్యవార్తల యావశ్యకత హెచ్చెను. తంతి వార్తను దెచ్చెను; రైలు పత్రికను దూరప్రాంతములకు గొనిపోయెను. ఇచ్చట జదువరిని నిలిపినది క్రమము దప్పని రాక.

1974లో విశాఖపట్టణమున వెలసిన ఈనాడు, తరువాత జిల్లా అనుబంధములచేత స్థానికవార్తను మరల బాఠకుని ముంగిటికి దెచ్చెను. ఊరు తిరిగి వచ్చినది. ఒక్కని కంఠస్వరము మాత్రము రాలేదు.

కావున దినపత్రికను బ్రతుల సంఖ్యచేతను, వ్యక్తిపత్రికను అది రేపిన ఖండనమండనములచేతను గొలువవలయును. లేనిచో వివేకవర్ధని వంటివి మన పత్రికాచరిత్రలో నామమాత్రములై మిగులును.