పిలిస్తే పొలానికొచ్చే ఆఫీసు

అమెరికా పల్లెల్లో నేలను కాపాడే స్థానిక సంస్థ కన్సర్వేషన్ డిస్ట్రిక్ట్. దాని టెక్నీషియన్ పనితనం చూడాలంటే పెద్దవాన వెలిశాక పొలానికి వెళ్లాలి. వరద మట్టిని కోసుకుపోయే పల్లపు దారిని అతను వెడల్పు చేయించి, గడ్డి మొలిపిస్తాడు. నీళ్లు పోతాయి, మట్టి నిలుస్తుంది. ఆ దారికి వాలెంత, వెడల్పెంత అన్నది కొలిచి తేల్చాల్సిన లెక్క. అది తప్పితే మళ్లీ గండే.

దుమ్ము తుఫానుల దెబ్బకు 1935లో నేల సంరక్షణ చట్టం వచ్చింది. కానీ వాషింగ్టన్ మాట రైతు ఎందుకు వింటాడు? అందుకే 1937లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఈ స్థానిక డిస్ట్రిక్టుల ఏర్పాటు కోసం రాష్ట్రాలకు నమూనా చట్టం పంపారు. ఆ ఏడాది ఆగస్టులోనే నార్త్ కరోలినాలో, నేల సంరక్షణకు ఆద్యుడైన హ్యూ హామండ్ బెన్నెట్ సొంత కౌంటీలో, బ్రౌన్ క్రీక్ డిస్ట్రిక్ట్ మొదటిదిగా ఏర్పడింది. ఇప్పుడవి దాదాపు 3,000.

బోర్డుల్లో చాలాచోట్ల స్థానిక రైతులే ఉంటారు. సిబ్బంది చాలావరకు రైతు పిలిస్తేనే వస్తారు, దబాయింపు ఉండదు. నాకు బాగా నచ్చేది అదే. కొన్నిచోట్ల దున్నకుండా విత్తే యంత్రం అద్దెకిస్తారు, చెట్ల మొక్కలు చవగ్గా అమ్ముతారు. ఖర్చులో వాటా ఇచ్చే పథకాల దరఖాస్తులకూ సాయపడతారు. గడ్డి మొలిపించడం కన్నా ఆ కాగితాలు నింపించడమే కష్టమేమోనని నా అనుమానం.