దీపం లేని తోలుబొమ్మ

తోలుబొమ్మకు వెలుతురు వెనక నుంచి రావాలి. ముందు నుంచి వస్తే అది రంగు పూసిన మేకతోలు మాత్రమే. మ్యూజియంలో మాత్రం ఎక్కువగా కనిపించేది అలాగే. గోడకు ఆనించిన బొమ్మ, ముందు అద్దం, పైన ట్యూబ్‌లైటు, కింద ఊరూ పేరూ లేని చిన్న చీటీ.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ బొమ్మలకు పేరున్న ఊరు. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి కళాకారులవి మరాఠీ మూలాలున్న కుటుంబాలు. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగలాగి ఆరబెడతారు. అవతలి వెలుతురు కనబడేంత పలచన అయ్యాక నల్లగీతతో ఆకారం గీసి, రంగులు నింపి, చిన్న ఉలులతో చిల్లులు పెడతారు. ఒంటిమీది నగలన్నీ ఈ చిల్లులే. దీపం వెలిగితే మెరుస్తాయి, లేకపోతే తోలులో కన్నాలుగా మిగిలిపోతాయి. తల, భుజాలు, మోచేతులు, మోకాళ్లు విడిగా చేసి దారంతో ముడివేస్తారు. మనిషెత్తుకు దగ్గరగా ఉండే ఇంత పెద్ద తోలుబొమ్మలు దేశంలో మరోచోట అరుదు.

బొమ్మ తయారైతే సగం పనే అయినట్టు. తెల్లటి తెర వెనక ఒకప్పుడు ఆముదపు దీపాలు, తర్వాత పెట్రోమాక్సులు, ఇప్పుడు కరెంటు బల్బులు. ఆడించేవాడు ఒక చేత్తో నడుమ కర్ర పట్టుకుని, రెండో చేత్తో బొమ్మ చేతులు తిప్పుతాడు. తానే పాడతాడు, తానే మాటలు చెబుతాడు. యుద్ధం వస్తే కాళ్లకింది చెక్కలను దబదబా తొక్కుతాడు. నడుమ నడుమ జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి నవ్విస్తారు. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడితేనే గొప్పనుకునే ఈ మెట్టసీమలో ఆటకు మరో పనీ ఉండేది. చినుకు రాని ఏడాది ఊరంతా చందా వేసుకుని విరాటపర్వం ఆడించేవారు. వాన కోసం ఆడిన ఆటలో ఏ ముక్కను తెచ్చి బీరువాలో పెట్టాలి? దాచుకోగలిగింది తోలొక్కటే. అదీ పాతవి తేలిగ్గా దొరకవు, చిరిగిపోయిన బొమ్మను ఏటిలో కలపడం ఆచారం కనుక.

ఆటను దాచడమెలా అన్న చిక్కు జపాన్ మ్యూజియాలకూ వచ్చింది. 1954లో అషియా పట్నంలో జిరో యొషిహారా చుట్టూ ‘గుతాయ్’ అనే చిత్రకారుల బృందం ఏర్పడింది. 1955లో టోక్యో ప్రదర్శనలో సబురో మురకామి బిగించిన కాగితాలను ఒంటితో చించుకుంటూ దూసుకెళ్లాడు. కజువో షిరాగా బురదలో పడి పెనుగులాడాడు. తర్వాత తాడు పట్టుకుని వేలాడుతూ పాదాలతో రంగు పులిమి చిత్రాలు వేశాడు. 1956లో అత్సుకో తనాకా రంగురంగుల బల్బులు, ట్యూబులతో ఒక దుస్తు చేసి, వెలుగుతుండగా తొడుక్కుంది. వీళ్లకు ముఖ్యం చేసే పని. మిగిలిన వస్తువు దాని జాడ.

1972లో యొషిహారా చనిపోయాక బృందం చెదిరిపోయింది, జాడలు మ్యూజియాలకు చేరాయి. కోబెలోని హ్యోగో మ్యూజియంలో, అషియాలో, 2022లో తెరిచిన ఒసాకా నకనోషిమా మ్యూజియంలో అవి ఉన్నాయి. షిరాగా చిత్రాన్ని గోడకు తగిలించవచ్చు. చిరిగిన కాగితంతోనే తంటా. అందుకు తరచూ చేసే ఉపాయం, అప్పటి ఫోటోలనూ సినిమా తునకలనూ వస్తువు పక్కనే చూపించడం. పాడైన వస్తువును మళ్లీ చేయిస్తారు కూడా. తనాకా దుస్తును 1986లో మళ్లీ చేశారు. అది తకమత్సు నగర మ్యూజియంలో ఉంది. అసలుది కాదని పెదవి విరిచేవారుంటారు. కానీ ఆరిపోయిన అసలు కంటే వెలిగే నకలే తనాకా చేసినదానికి దగ్గర.

తోలుబొమ్మకు ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. నకలు చేయనవసరం లేదు, చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మ్యూజియంలో కావలసిందల్లా బొమ్మ వెనక ఒక తెల్లగుడ్డ, గుడ్డ వెనక మసక దీపం, పక్కన ఆట వీడియో, చీటీ మీద చేసినవారి పేరు. ఎక్కువ కాంతికి రంగులు వెలిసిపోతాయన్న భయం న్యాయమైనదే. మీట నొక్కినప్పుడు ఒక నిమిషం వెలిగి ఆరే దీపమైతే ఆ ఇబ్బందీ తక్కువ.

ఆటలు తగ్గాక నిమ్మలకుంట బతుకు లాంప్‌షేడ్ల మీదికి మళ్లింది. బజారు సరుకని దాన్ని చులకన చేయడం తప్పు. వెలుగు లోపలి నుంచి రావాలన్న సంగతిని అద్దాల బీరువా కంటే లాంప్‌షేడే బాగా పట్టుకుంది. దానికి లేనివి కదలికా పాటా. లాంప్‌షేడు కొనడానికి నిమ్మలకుంట వెళ్లేవారు బేరంతో ఆగకుండా, ముందే చెప్పి, తగిన డబ్బిచ్చి, రాత్రిపూట ఒక గంట ఆట ఆడించుకుని చూడండి.