ఇనుముకు పాల పగ్గం

షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో ఉగాదికో బతుకమ్మకో తెలుగువాళ్లు నలుగురు చేరితే అక్కడ కలంకారీ చీరో దుపట్టానో కనబడుతుంది. వాటిలో చాలామటుకు కలం ముట్టనివే, యంత్రం మీద అచ్చయినవి. బొమ్మ అదే అయినప్పుడు చేత్తో గీసినదానికి అంత ధర ఎందుకు పెట్టాలని అడగడం అన్యాయమేమీ కాదు. ‘సహజ రంగులు కదా’ అన్నది అందరూ చెప్పే జవాబు. నాకది చాలదు. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు ఇనుముతో చేసేది. ఇనుము సహజమైనదే, నూలును తినేసేదీ అదే. దాన్ని అదుపులో పెట్టడంలోనే ఈ విద్య విలువ ఉంది.

తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి, మూత పెట్టి రెండు మూడు వారాలు వదిలేస్తారు. మామూలు నీళ్లలో కరగని ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు, బెల్లం పులిసి పుట్టిన ఆమ్లంలో ఇనుముతోపాటు కరిగి ఐరన్ ఎసిటేట్ అవుతుంది. ఇంకోపక్క గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. కలమంటే కొస చెక్కిన వెదురుపుల్ల. దానికి ఉన్నో గుడ్డపేలికో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టను వేళ్లతో నొక్కితే రంగు కొసకు దిగుతుంది. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి, గాలి తగిలేకొద్దీ గీత చిక్కని నలుపుకు తిరుగుతుంది. చేర్యాల పటం మీద రంగు బంకతో పైపైన అంటుకుని ఉంటుంది. ఇక్కడ నలుపు పోగులోనే పుడుతుంది. మరి పాలెందుకు? పాలు నీళ్లలో వెన్న బిందువులు తేలే ఎమల్షన్. ఆరాక ఆ కొవ్వూ మాంసకృత్తులూ పోగుల సందుల్లో నిలిచి, రంగు పక్కకు పాకకుండా ఆపుతాయి. తెలుగు నేర్చిన ఫ్రెంచి జెసూట్ కెర్దూ కోరమాండల్ అద్దకం గురించి 1742లో స్వదేశానికి రాసిన లేఖలోనూ ఈ గేదెపాల ప్రస్తావన ఉంది.

కృత్రిమ నలుపు చవక, పైగా ఎక్కువకాలం నిలుస్తుంది కదా అంటారు. నిజమే. మ్యూజియాల్లో ఉన్న పాత అద్దకపు గుడ్డలు కొన్నింటిలో నల్లగీతలున్నచోటే నూలు చివికి చిల్లులు పడింది. మిగిలిపోయిన ఆమ్లం, ఇనుము కలిసి పోగును కొరికేశాయి. గుడ్డను మళ్లీ మళ్లీ పారే నీటిలో జాడించడం అందుకే ముఖ్యం: అంటుకోని ఇనుమూ పులుపూ అక్కడ వదిలిపోవాలి. తొందరపడి ఆ పని తగ్గించినవాడు సహజ రంగే వాడినా నాసిరకం సరుకే అమ్ముతున్నట్టు. కొనేవాళ్లు ముందు అడగాల్సింది జాడింపు గురించి.

కొన్నాక బాధ్యత మనది. నీళ్లలో ఇనుముంటే గుడ్డలో మిగిలిన కరక్కాయ టానిన్ దాన్ని పట్టుకోవడంతో గుడ్డంతా మసకబారుతుంది. 1992 నుంచి నేపర్‌విల్‌కు బావుల నీళ్ల బదులు మిషిగన్ సరస్సు నీళ్లు వస్తున్నాయి గనుక అక్కడ ఆ భయం తక్కువ. అసలు ముప్పు బట్టలుతికే గదిలోని అలమరలో ఉంటుంది. బ్లీచ్ రంగుల్ని పాడుచేస్తుంది. తుప్పు మరకలు పోగొట్టే పొడుల్లో ఉండే ఆక్సాలిక్ ఆమ్లమైతే ఇనుమును తనతో కలుపుకుని కరిగించేస్తుంది. మరకతోపాటు బొమ్మ గీతా పోతుంది. నిమ్మరసం కూడా మెల్లగా అదే పని చేస్తుంది. చల్లటి నీళ్లు, గాఢత లేని సబ్బు, నీడన ఆరవేత చాలు.